గోదావరి లోయలో బొగ్గు, బురద



పెరటిలోని వేపచెట్టు తన కలపను నేలనుండి తయారు చేసుకొంటున్నదని చాలామంది భావన. నేలనుండి అది గ్రహించేది నీరు, కొద్దిపాటి లవణాలు మాత్రమే. ఎండిన కలప బరువులో దాదాపు సగం కర్బనం. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువునుండి వచ్చినది. పగటివేళ ఆకు దానిని గ్రహిస్తుంది; చెట్టు కుళ్లిననాడో, పొయ్యిలో కాలిననాడో అది మరల గాలిలో కలుస్తుంది. తెచ్చిన అప్పు తీరినట్లే.

అయితే ప్రకృతిలో చాలాకాలం తీరని బాకీలు కూడ ఉన్నవి. ఇల్లందు, కొత్తగూడెం ప్రాంతాల సింగరేణి బొగ్గు పాతిక కోట్ల సంవత్సరాలకు పైబడిన అడవుల అవశేషం. నాడు ఆ నేల గోండ్వానా మహాఖండంలో భాగం; మన గోండుల పేరే ఆ మహాఖండానికి పెట్టినారు. చిత్తడి నేలలో పడిన ఆకులు, మాకులు ప్రాణవాయువు అందక పూర్తిగా కుళ్లలేదు. పైన ఇసుక, మట్టి పేరుకొనగా, ఒత్తిడికీ వేడికీ బొగ్గుగా మారినవి.

అదే నది సముద్రంలో కలిసేచోట, కాకినాడ సమీపాన, కోరింగ మడ అడవులున్నవి. అక్కడి బురదలో కాలు దిగబడితే కుళ్లిన గ్రుడ్డు వాసన వేస్తుంది. అసహ్యించుకోనక్కరలేదు. బురదలో ప్రాణవాయువు లేదనుటకు అదే గుర్తు. అందువలననే వేళ్లు, ఆకులు బహు నెమ్మదిగా శిథిలమై, కర్బనం శతాబ్దాలపాటు అడుగున నిలుస్తుంది. మడను నరికి రొయ్యల చెరువు త్రవ్వినపుడు ఆ బురదకు గాలి తగిలి, శతాబ్దాల నిలువ కొన్ని ఏండ్లలోనే తరగనారంభిస్తుంది. చెట్లను మరల నాటవచ్చును. బురద చెట్టంత త్వరగా పెరగదు.

భారత, బంగ్లాదేశ్‌లు పంచుకొన్న సుందరవనాలలోను ఇదే తీరు. హిమాలయాలనుండి గంగా బ్రహ్మపుత్రలు తెచ్చిన ఒండ్రు బంగాళాఖాతం అడుగున సుమారు మూడువేల కిలోమీటర్ల పొడవున పరచుకొని ఉన్నది. దానితో కొట్టుకువచ్చిన కర్బనంలో చాలాభాగం అక్కడనే పూడిపోతున్నది. నేపాల్ కొండమీద రాలిన ఆకును ఏ సరిహద్దులోను ఎవరూ ఆపి ప్రశ్నించరు.

ఇట్లు పూడినదానిని మనం త్రవ్వి కాల్చుచున్నాము. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పదిలక్షల పాళ్లకు 280 పాళ్లున్న ఈ వాయువు, 1958లో చార్లెస్ కీలింగ్ హవాయీలోని మౌనా లోవాపై కొలతలు ప్రారంభించేనాటికి సుమారు 315. 2024లో 420 దాటినది. మనం వెలువరించినదానిలో సగానికి పైగా సముద్రమూ నేలా పీల్చుకొన్నవి. లేకున్న ఈ అంక మరెంతో పెరిగియుండేది. అందుకు ప్రతిగా సముద్రజలంలో ఆమ్లగుణం హెచ్చుచున్నది. గవ్వలకు, పగడాలకు అది చేటు.

గని కార్మికుని శ్రమతో మన ఇండ్లలో దీపాలు వెలిగినవి. దానిని తక్కువచేసి మాట్లాడుట నా ఉద్దేశం కాదు. కాని బొగ్గును గురించి పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఒక మనవి. కోరింగకు విహారయాత్రకు తీసుకొనివెళ్లిన పిల్లలకు పడవలోనుండి చెట్లను మాత్రమే చూపక, ఆటు సమయాన గట్టున దింపి, ఒక పిడికెడు బురదను చేతికివ్వండి.