ఎండల ఊరిలో కుక్కతో కొండదారి
(కాట్పాడిలో తెలుగు నివాసుల వేసవి అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

  

మహాభారతంలోని మహాప్రస్థానిక పర్వం మనందరికీ తెలిసినదే. ధర్మరాజు ఉత్తరదిశగా సాగిపోతుండగా ద్రౌపది, తమ్ములు ఒకరి తరువాత ఒకరు నేలకొరిగారు. చివరివరకు ఆయన వెంట నడిచినది ఒక కుక్క. రథమెక్కి వచ్చిన ఇంద్రుడు ఆ కుక్కను విడిచి రమ్మన్నప్పుడు, నమ్మి వెంట వచ్చినదానిని విడిచి స్వర్గానికైనా రానని ధర్మరాజు బదులు పలికాడు. ఆ కుక్క యమధర్మరాజే అని కథ చివర తెలుస్తుంది. మన వెంట నడిచే కుక్క దేవత కాదు. దానికి దాహం వేస్తుంది, అరికాళ్ళు కాలుతాయి, వడదెబ్బ తగులుతుంది. కాని నమ్మి వెంట వచ్చినదాని పట్ల మనకున్న బాధ్యత మాత్రం ధర్మరాజుకు ఉన్నదే.

మనలో చాలామంది చిత్తూరు, పలమనేరు, కుప్పం, తిరుపతి ప్రాంతాలనుండి చదువుకో, వైద్యానికో, ఉద్యోగానికో ఇక్కడికి వచ్చి స్థిరపడినవారం. ఈ ఊరు మనకు పరాయిదేమీ కాదు. 1911లో చిత్తూరు జిల్లా వేరుగా ఏర్పడేవరకు చిత్తూరు, వేలూరు రెండూ ఉత్తర ఆర్కాడు జిల్లాలోనే ఉండేవి. ఆ జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణం. అక్కడి కొండలే ఇక్కడికీ సాగి వచ్చాయి. అందువల్ల ఆదివారం తెల్లవారగానే కుక్కను వెంటబెట్టుకొని ఏదో ఒక కొండవైపు నడవాలన్న కోరిక మనకు సహజమే. ఆ కోరికను మానుకొమ్మని చెప్పడానికి నేను రాలేదు. దానికి ముందు వేసుకోవలసిన ప్రణాళికను గురించి చెప్పడానికి వచ్చాను.

వేలూరు ఎడారి కాదు. అయినా ఏడాదిలో అధికభాగం ఇసుకమేటగా కనిపించే పాలారు, చెట్టు తక్కువైన బండకొండలు, మే నెలలో తరచుగా 40 డిగ్రీల సెల్సియస్ దాటే పగటివేడి, ఇవన్నీ కలిసి ఈ నగరానికి ఎడారి గుణాన్ని ఇస్తున్నాయి. తమిళులు అగ్ని నక్షత్రమనీ, కత్తిరి వెయిల్ అనీ పిలిచే రోజులనే మనం కృత్తిక, రోహిణి కార్తెలుగా లెక్కిస్తాం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. రోళ్ళను పగులగొట్టే ఎండ కుక్క అరికాలిని ఏం చేస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు.

అమెరికాలో నిజమైన ఎడారి నగరం ఒకటి ఉంది. అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్. మన తెలుగువారు అక్కడ కూడా చాలామంది ఉన్నారు. ఉష్ణోగ్రత 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే నగరపు కొండదారులలోకి కుక్కలను తీసుకురాకూడదని ఆ నగరం 2016లో నిబంధన చేసింది. మన లెక్కలో అది సుమారు 38 డిగ్రీల సెల్సియస్. వేలూరులో మే నెల మధ్యాహ్నాలలో చాలావాటికి ఆ నిబంధన వర్తిస్తుంది. ఇక్కడ అలాంటి బోర్డు పెట్టలేదు కాబట్టి అడ్డు లేదని అనుకోరాదు. బోర్డు లేనిచోట యజమాని వివేకమే బోర్డు.

కుక్కకు ఎండ మనకంటె ఎక్కువగా ఎందుకు తగులుతుంది? మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది, ఆ చెమట ఆరుతూ దేహాన్ని చల్లబరుస్తుంది. కుక్కకు చెమట ప్రధానంగా అరికాళ్ళ మెత్తలలోనే. అది నాలుక చాపి వగర్చడం ద్వారానే తన వేడిని వదులుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క దేహోష్ణం 101 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు ఉంటుంది. 105 దాటితే ప్రాణాపాయం. పైగా అది నేలకు మనకంటె దగ్గరగా నడుస్తుంది; బండనుండి ఎగసే వేడి దాని కడుపుకు తగులుతుంది. ముక్కు అణగి ఉండే పగ్, బుల్‌డాగ్ జాతులకు వగర్చడమే కష్టం. వాటిని కొండకు తీసుకుపోరాదు. హస్కీ వంటి దట్టమైన బొచ్చు గల శీతలదేశపు జాతులకు కూడా ఈ ఎండలు తగవు. కొల్లేటి ప్రాంతపు జోనంగి, తమిళనాడు రాజపాళయం, చిప్పిప్పారై, మన వీధులలో పుట్టి పెరిగిన నాటుకుక్కలు పొట్టి బొచ్చుతో ఈ వాతావరణానికి అలవాటుపడినవి. కాని అలవాటు వేరు, అభేద్యత వేరు. వాటికీ హద్దు ఉంది.

అన్నిటికంటె ముఖ్యమైన విషయం మరొకటి. కుక్క తనంతట తాను ఆగదు. యజమాని నడుస్తున్నంతసేపు అదీ నడుస్తుంది. ఇక నడవలేని స్థితి వచ్చినప్పుడు ఒక్కసారిగా కూలబడుతుంది. కాబట్టి వెనుదిరగాలన్న నిర్ణయం పూర్తిగా మనదే.

ఇక ప్రణాళిక. మొదటిది వేళ. సాయంకాలం చల్లబడుతుందని చాలామంది అప్పుడు బయలుదేరుతారు. గాలి చల్లబడుతుంది గాని, పగలంతా కాగిన బండ పొద్దుగూకిన తరువాత కూడా గంటల తరబడి వేడిని వదులుతూనే ఉంటుంది. రాత్రంతా చల్లారిన బండ దొరికేది తెల్లవారుజామునే. మే నెలలో ఇక్కడ సుమారు 5 గంటల 45 నిమిషాలకే సూర్యోదయమవుతుంది. వెలుగు రాగానే బయలుదేరి, ఎండ ముదరకముందే, ఎనిమిది గంటలలోపు, ఇల్లు చేరాలి. మీ అరచేతి వెనుకభాగాన్ని బండమీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. ఆనించి ఉంచలేకపోతే ఆ బండ మీ కుక్కకు కూడా తగదు. నవంబరునుండి ఫిబ్రవరి వరకు గల నెలలు ఇటువంటి నడకలకు ఉత్తమం.

రెండవది నీరు. కుక్కకు ఇంట్లో ఉన్నప్పుడే రోజుకు కిలో బరువుకు సుమారు 50 నుండి 60 మిల్లీలీటర్ల నీరు కావాలి. నడకలో అంతకంటె ఎక్కువ. పదిహేను కిలోల కుక్కతో రెండు గంటలు నడిచేవారు మీ నీటికి తోడుగా దానికోసం వేరే ఒక లీటరు, తాగడానికి ఒక తేలికపాటి గిన్నె తీసుకుపోవాలి. ఒక్కసారిగా కాక పదిహేను నిమిషాలకు ఒకసారి కొద్దికొద్దిగా పట్టాలి. తెచ్చిన నీటిలో మూడోవంతు అయిపోగానే, శిఖరం ఎంత దగ్గరలో కనిపించినా, వెనుదిరగాలి.

మూడవది దారి. ఇక్కడ భాషకు సంబంధించిన ఒక మాట చెప్పాలి. మన చుట్టూ ఉన్న కొండలలో చాలావాటి పాదాల వద్ద 'కాప్పుక్కాడు' అన్న తమిళ బోర్డు కనిపిస్తుంది. మనకు వాడుకలో కాడు అంటే వల్లకాడే గుర్తుకు వస్తుంది. తమిళంలో కాడు అంటే అడవి. కాప్పుక్కాడు అంటే రక్షితారణ్యం. అక్కడికి అటవీశాఖ అనుమతి లేకుండా మనుషులే పోరాదు, కుక్కల మాట చెప్పనే అక్కరలేదు. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండలలో కార్చిచ్చు చెలరేగి ఇరవైమందికి పైగా నడకయాత్రికులు మరణించిన తరువాత, ఆ ఏడాదే తమిళనాడు ప్రభుత్వం అడవి నడకలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది.

కుక్కల విషయంలో ఆ జాగ్రత్తకు మరో కారణం ఉంది. కుక్కకు వచ్చే డిస్టెంపర్ వ్యాధి నక్కలకు, పెద్దపులి జాతికి కూడా సోకుతుంది. 2018లో గుజరాత్ గిర్ అడవిలో వరుసగా మరణించిన సింహాలలో కొన్నిటికి ఈ వైరస్ సోకినట్లు తేలింది. మనవైపు గుడియాత్తం దాటితే, ఆంధ్ర సరిహద్దుకు అవతల కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం ఉంది; అది ఏనుగులు తిరిగే ప్రాంతం. కుక్క మొరిగి ఏనుగును రెచ్చగొడుతుంది, భయపడి మీ దగ్గరకే పరుగెత్తి వస్తుంది, దాని వెనుక ఏనుగు వస్తుంది. చిరుతపులికైతే కుక్క ఇష్టమైన ఆహారం. గుడి మెట్లదారులు కూడా కుక్కతో నడవదగినవి కావు. భక్తుల మనసు నొప్పించరాదు, అక్కడి కోతులతో తగవు తెచ్చుకోరాదు.

మరి ఎక్కడ నడవాలి? చెరువు గట్లు, కొండపాదపు ఊరి దారులు, వేకువన పాలారు ఒడ్డు, ఇవి చాలు. అక్కడ కూడా కుక్కను తాడుతోనే నడిపించాలి. ఒడ్డున పెరిగే సర్కారు తుమ్మ ముళ్ళు, పల్లేరుకాయలు అరికాలిలో దిగుతాయి. పొదలలో, రాళ్ళ సందులలో నాగుపాము, రక్తపింజర వంటివి ఉంటాయి. పాము కరిస్తే గాయాన్ని కోయరాదు, బిగించి కట్టరాదు. కుక్కను నడిపించక, ఎత్తుకొని వైద్యశాలకు చేర్చాలి. ఇంటికి రాగానే చెవులు, వేళ్ళ సందులు వెదకి గోమార్లను తీసివేయాలి. అవి ప్రాణాంతకమైన జ్వరాలను తెస్తాయి.

వడదెబ్బ గుర్తులు ఇవి: ఆగని వగర్పు, చిక్కని చొంగ, ముదురు ఎరుపెక్కిన చిగుళ్ళు, తూలుడు, వాంతి. వీటిలో ఏది కనిపించినా వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా, ముఖ్యంగా కడుపు, తొడల సందులలో, మామూలు నీరు పోసి గాలి విసరండి. తడిగుడ్డను కప్పి వదిలేస్తే వేడి లోపలే నిలిచిపోతుంది. స్పృహ తప్పినదానికి నోట్లో నీరు పోయరాదు. మనుషుల జ్వరపు మాత్రలు కుక్కకు విషం వంటివి. కాస్త తేరుకున్నా వైద్యునికి చూపించక తప్పదు. లోపలి అవయవాలకు జరిగిన హాని కొన్ని గంటల తరువాత బయటపడవచ్చు.

పశువైద్యశాలను తమిళ బోర్డుమీద 'కాల్నడై మరుత్తువమనై' అని రాస్తారు. అక్షరాలు కూడబలుక్కొని చదివిన మనవారు అది కాళ్ళకు, నడకకు సంబంధించిన ఆసుపత్రి అనుకొని దాటిపోయే అవకాశం ఉంది. కాల్నడై అంటే పశువులు. టీకాను 'తడుప్పూసి' అంటారు. 'వెఱినాయ్' అంటే పిచ్చికుక్క; మన 'వెర్రి' అన్న మాటే అది. ఈ మూడు మాటలు గుర్తుంచుకోండి. పశువైద్య సేవకు 1962, మనుషుల అత్యవసరానికి 108 నంబర్లు ఉన్నాయి.

చివరగా రేబిస్. ఈ వ్యాధి లక్షణాలు బయటపడిన తరువాత బతకడం దాదాపు అసాధ్యం. ముందు జాగ్రత్తతో నివారించడం మాత్రం పూర్తిగా సాధ్యం. మీ కుక్కకు మూడు నెలల వయసునుండి టీకా మొదలుపెట్టి, ఏటేటా తప్పక వేయించండి. కొండదారిలో వీధికుక్కో, కోతో కరిచినా, గోరు గీరి రక్తం వచ్చినా, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. పసుపు, కారం, సున్నం పూయరాదు. అడుక్కంపారైలోని ప్రభుత్వ వేలూరు వైద్య కళాశాల ఆసుపత్రి వంటి ప్రభుత్వ ఆసుపత్రులలో టీకా ఉచితం. మొదటి సూదితో ఆగక, చెప్పిన తేదీలన్నిటా వేయించుకోవాలి. ఊరు మారుతూ ఉండే మనవంటివారు మధ్యలో మానివేసే ప్రమాదం ఎక్కువ. చీటీ వెంట ఉంచుకుంటే ఏ ఊళ్ళోనైనా మిగిలిన సూదులు వేయించుకోవచ్చు.

బయలుదేరేముందు ఎటు పోతున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఇంట్లోవారికో, పక్కింటివారికో చెప్పండి. కుక్క మలాన్ని ఒక సంచిలో ఎత్తి తెండి. కుక్కంటే భయపడేవారు ఎదురైతే తాడు కుదించి పక్కకు నిలవండి. కొత్త ఊరిలో మన కుక్క నడత కూడా మన నడతగానే లెక్కకు వస్తుంది.