గుట్టు దాచి లెక్క చూపటం
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇంజనీరింగు చదివే పిల్లలకు పనికొచ్చే కొత్త సంగతేదైనా మాట్లాడండి మాస్టర్ సాబ్" అన్నారు సెక్రటరీ సాహెబ్. నేను పాఠం చెప్పేది ఉర్దూలో, ఇవాళ మాట్లాడవలసింది తెలుగులో, విషయమేమో ఇంగ్లీషువాళ్లది. మూడు భాషలూ కొంచెం నలుగుతాయి. పెద్దమనసుతో సర్దుకోండి.

చెప్పబోయేది షాన్ బో అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు చేసిన పని గురించి. జీక్యాష్ అనే కంప్యూటరు నాణెం ఒకటుంది. 2016 అక్టోబరు 28న మొదలైంది. దాన్ని నిలబెట్టిన కొద్దిమందిలో ఈయన ముఖ్యుడు.

ముందు ఒక మాట. ఇలాంటి నాణేలు హలాలా హరామా అన్నది ఉలమా చెప్పవలసిన విషయం, వాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. నేను కొనమని చెప్పటానికి రాలేదు. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి వీటి లాభం మీద 30 శాతం పన్ను ఉంది. గుట్టుగా నడిచే నాణేల వ్యాపారాన్ని దుబాయి నియంత్రణ సంస్థ 2023 ఫిబ్రవరిలో నిషేధించింది. గల్ఫులో పిల్లలున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. దొంగసొమ్ము దాచటానికి పనికొస్తుందని ప్రభుత్వాల భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు. నాకు కావలసింది నాణెం కాదు, దాని వెనక ఉన్న లెక్క.

బజారులో కిరాణా కొట్టువాడి ఖాతా పుస్తకం మనందరికీ తెలుసు. ఎవరి బాకీ ఎంతో అతనికి తెలుస్తుంది, మనకు తెలియదు. ఇప్పుడు ఆ పుస్తకానికి వేల నకళ్లు తీసి ఊళ్లో అందరి చేతా పెట్టారనుకోండి. ఒకరు దిద్దితే మిగతావాళ్లు పట్టేస్తారు, మోసం జరగదు. బ్లాక్‌చెయిన్ అంటే స్థూలంగా ఇంతే. 2009లో వచ్చిన బిట్‌కాయిన్ ఇలాగే నడుస్తుంది. కాని అందులో పద్దులన్నీ బాహాటం. పేరు బదులు ఒక నంబరుంటుంది, అంతే. ఆ నంబరు ఫలానా రహీముద్దీన్‌ది అని ఒక్కసారి తెలిసిందా, ఆ నంబరు మీద అతను ఇచ్చిందీ పుచ్చుకున్నదీ మొత్తం బయటపడ్డట్టే.

మరి పద్దు కనపడకుండా, పద్దు సరిగ్గా ఉందని మాత్రం అందరికీ రుజువు చేయగలమా? చేయగలమని 1985లో గోల్డ్‌వాసర్, మికాలి, రాకాఫ్ అనే ముగ్గురు పండితులు చూపించారు. విషయం చెప్పకుండానే విషయం నిజమని నిరూపించటం. వినటానికి గారడీలాగా ఉంటుంది గదా!

షాన్ బో 2016 ఫిబ్రవరిలో చేసిన ఒక పని చెప్తాను, అప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. పత్రికల్లో వచ్చే సుడోకు మీరంతా చూసే ఉంటారు. అది తొమ్మిది గళ్లది. ఆయన దగ్గరున్నది పదహారు గళ్లది. దాని జవాబును గ్రెగరీ మాక్స్‌వెల్ అనే మరో ఇంజనీరుకు అమ్మాలి. ఒకరు కాలిఫోర్నియాలో, ఒకరు బార్బడోస్ దీవిలో. ముందు డబ్బిస్తే జవాబు ఇవ్వడేమో అని ఒకరి సందేహం. ముందు జవాబిస్తే డబ్బు ఎగ్గొడతాడేమో అని రెండోవారి సందేహం. మధ్యవర్తి లేడు. బో ఏం చేశాడంటే, జవాబును పెట్టెలో పెట్టి తాళం వేసినట్టుగా సంకేత లిపిలోకి మార్చి పంపాడు. దాంతోపాటు "పెట్టెలో ఉన్నది సరైన జవాబే, ఈ గుర్తుకు సరిపోయే తాళంచెవే దాన్ని తెరుస్తుంది" అని ఒక గణిత రుజువు కూడా పంపాడు. మాక్స్‌వెల్ రుజువు సరిచూసుకుని, ఆ తాళంచెవి బయటపెట్టినవాడికే డబ్బు చెందేటట్టు బిట్‌కాయిన్‌లో పెట్టాడు. బో డబ్బు తీసుకోవాలంటే తాళంచెవి చూపించక తప్పదు. చూపించాడు, తీసుకున్నాడు. బేరం పదో వంతు బిట్‌కాయిన్‌కు. ఒకరినొకరు నమ్మవలసిన అవసరమే రాలేదు.

జీక్యాష్‌లో ఇదే విద్యను డబ్బుకు వాడారు. పంపినవాడెవరు, అందుకున్నవాడెవరు, ఎంత అన్నది కనపడదు. లేని డబ్బు పంపలేదని, ఒకే డబ్బు రెండుసార్లు ఖర్చుపెట్టలేదని మాత్రం రుజువవుతుంది.

అయితే ఇందులో ఒక చిక్కుంది. రుజువులు తయారుచేయటానికి మొదట్లో కొన్ని పెద్ద అంకెలు కావాలి. ఆ అంకెలు పుట్టించిన రహస్యం ఎవరి దగ్గరైనా మిగిలితే, వాడు ఎవరికీ తెలియకుండా దొంగనాణేలు అచ్చు వేసుకోవచ్చు. మరి ఎవర్ని నమ్మాలి? అందుకని ఆ రహస్యాన్ని ఆరుగురికి పంచారు. ఆరుగురూ కలిసి కుట్ర చేస్తే తప్ప మోసం కుదరదు. ఒక్కడు నిజాయితీగా తన ముక్కను నాశనం చేసినా చాలు. ఆ పద్ధతికి కావలసిన ప్రోగ్రాము రాసింది బో. 2016 అక్టోబరులో ఆరుగురూ వేరువేరు చోట్ల, నెట్‌కు కలపని కంప్యూటర్ల మీద ఆ పని చేశారు. అంకెలను డిస్కుల మీదకు ఎక్కించి దాటించారు. పీటర్ టాడ్ అనే ఆయన కెనడాలో కారు నడుపుకుంటూ లెక్క నడిపించి, తర్వాత ఆ కంప్యూటరును మంటపెట్టి కాల్చాడు! మారుపేరుతో పాల్గొన్న ఒకాయన ఎడ్వర్డ్ స్నోడెన్ అని 2022లో గాని బయటికి రాలేదు.

ఆరుగురు చాలరు అనిపించింది బోకు. ఇంకా ఇద్దరితో కలిసి, ఎంతమందైనా వచ్చి చేరగలిగే కొత్త పద్ధతి కట్టాడు. ఈసారి 87 మంది వచ్చారు. అందులో ఇద్దరు చెర్నోబిల్ నుంచి వచ్చిన పదార్థపు రేడియోధార్మికతతో అంకెలు పుట్టించటానికి చిన్న విమానమెక్కారు. 2017లోనే రుజువులకు పునాదిగా బో ఒక కొత్త గణిత వక్రాన్ని కూడా ఎంచి ఇచ్చాడు. ఇవాళ ఇథీరియం లాంటి పెద్ద వ్యవస్థలు కూడా దాన్నే వాడుతున్నాయి. ఇంతకుముందు ఒక చెల్లింపుకు మూడు గిగాబైట్లకు పైగా మెమరీ పట్టేది, కొత్త ఏర్పాటులో నలభై మెగాబైట్లు చాలింది. అంటే సామాన్యుడి ఫోనులోకి వచ్చింది.

ఇక అసలు సంగతి. 2018 మార్చి 1న, జీక్యాష్ సంస్థలోనే ఉన్న ఆరియల్ గబిజోన్ అనే గణితవేత్త మర్నాటి ఉపన్యాసానికి సిద్ధమవుతూ, 2014 నాటి ఒక పత్రంలో తప్పు పట్టుకున్నాడు. దొంగనాణేలు చేయటానికి దారినిచ్చే తప్పు. పెద్ద పెద్ద పండితులు చూసిన పత్రమది. బోకు చెప్పాడు, బో సరిచూసి నిజమేనన్నాడు. ఆ రహస్యం నలుగురికే పరిమితమైంది. తప్పును వాడుకోవటానికి వీలిచ్చే దస్తావేజును చప్పుడు చేయకుండా వెబ్‌సైటులోంచి తీసేశారు. అక్టోబరు 28న కొత్త ఏర్పాటు అమలులోకి రాగానే తప్పు పూడింది. 2019 ఫిబ్రవరిలో లోకానికి చెప్పారు. తలచుకుంటే ఆ నలుగురూ కోట్లు చేసుకునేవాళ్లే. చేసుకున్న ఆధారమేదీ కనపడలేదు.

ఇక్కడే మీరు అడగాలి: అంతా దాచిపెట్టిన పుస్తకంలో దొంగసొమ్ము లేదని ఎట్లా తెలుస్తుంది? లోపల చూడటానికి వీల్లేదు, అది నిజం. కాని గడప దగ్గర లెక్క ఉంది. దాచిన ఖాతాలోకి మొత్తం ఎంత వెళ్లింది, ఎంత బయటికొచ్చింది అన్నది అందరికీ కనపడుతుంది. వెళ్లినదానికంటే ఎక్కువ బయటికి రాకూడదు. లోపల గుట్టు, గడప దగ్గర లెక్క.

తర్వాత 2019లో బో, జాక్ గ్రిగ్, డైరా హాప్‌వుడ్ కలిసి, రహస్యపు అంకెలతో పనిలేని పద్ధతి చూపించారు. 2022 మే 31 నుంచి జీక్యాష్‌లో అది అమలయింది. నాశనం చేయవలసిన రహస్యమే లేనప్పుడు ఇక ఎవర్నీ నమ్మక్కర్లేదు.

ఇదంతా మీకెందుకు చెప్తున్నానంటే, కొన్నేళ్ల కిందట ఒక సభలో ఫీజు సహాయం పొందిన పిల్లల పేర్లు మైకులో చదివారు. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వేదిక ఎక్కలేదు. తండ్రి లేడు, తల్లి కుట్టుపని చేస్తుంది. మర్నాడు బడికీ రాలేదు. నేను ఇంటికి వెళితే, తల్లి తలుపు చాటు నుంచి "పేరు చదవకుండా ఇవ్వలేరా మాస్టర్ సాబ్?" అంది. "లెక్క చూపాలి గదమ్మా" అన్నాను. అప్పుడు అదే సరైన జవాబనుకున్నాను. ఆ అమ్మాయి మళ్లీ మా బడికి రాలేదు. ఇతరుల గుట్టు ఆరా తీయటం మన దీన్‌లో మనాయి అని పిల్లలకు చెప్పే మనిషిని నేనే!

జకాతు, ఫీజుల సొమ్ము పంచిన తర్వాత ప్రతి సంచికలో మనం కూడా పేర్లు, వీధులతో సహా అచ్చు వేస్తున్నాం. లెక్క అడిగే సభ్యులది తప్పు కాదు, వాళ్లిచ్చిన డబ్బు. దానికి కంప్యూటరు కూడా అక్కర్లేదు. కమిటీకి సంబంధం లేని ముగ్గురు పెద్దలు, వాళ్లలో ఒకరు స్త్రీ కావాలి, రసీదులు చూసి సంతకం చేస్తారు. సంచికలో వచ్చిన మొత్తం, ఇచ్చిన మొత్తం, ఎన్ని ఇళ్లకు అన్నది మాత్రం వేస్తాం. పేర్ల పుస్తకం బీరువాలో ఉంటుంది. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ ప్రతిపాదన పెట్టమని సెక్రటరీ సాహెబ్‌ను అందరి ముందూ కోరుతున్నాను. ఆ ముగ్గురి పేర్లు మీరే చెప్పండి.

సెలవు. ఖుదా హాఫిజ్.