‘పడు’: పడమటి నేల మాటల్లో ఒక క్రియ



ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి స్మృతిలో గిద్దలూరులో మాట్లాడమన్నప్పుడు, ఆయన శోధించిన తెలుగు క్రియల్లోనే ఒకదాన్ని ఎంచుకోవడం న్యాయమనిపించింది. ఆయన 1928లో ఒంగోలులో పుట్టారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధన 1961లో ‘తెలుగు వెర్బల్ బేసెస్’ గ్రంథంగా వచ్చింది. తెలుగు ధాతువులను సోదర ద్రావిడ భాషల పక్కన నిలిపి, వాటి పాత రూపాలను శాస్త్రీయంగా తేల్చిన పుస్తకం అది. ఇవాళ మన ముందున్న ధాతువు ‘పడు’.

బోరు వేయించిన రైతును మన వైపు ఎవరైనా మొదట అడిగేది ‘పడిందా?’ అనే. ఏం పడిందో విడమరచనక్కర్లేదు. నీళ్లు భూమిలోంచి పైకి వస్తాయి, మనం మాత్రం ‘పడ్డాయి’ అంటాం. పైనుంచి కిందికి రావడమే ‘పడు’కు అసలు అర్థమైతే ఈ ప్రయోగం పొసగదు. తమిళంలో ఇదే ధాతువుకు అస్తమించడం, చావడం, అనుభవించడం, సంభవించడం అనే అర్థాలున్నాయి. కన్నడంలో పొందడం, అనుభవించడం. ఇవన్నీ కలిపి చూస్తే, మన చేతిలో లేనిది మనకు తటస్థించడమే ఈ క్రియ ప్రాణమని నాకు తోస్తుంది.

వాన పడుతుంది. ఖాతాలో డబ్బులు పడతాయి. ఇంట్లో దొంగలు పడతారు. మనిషి మాట పడతాడు, జబ్బున పడతాడు. ఒకరికి పాలు పడవు, మరొకరికి తోటికోడలితో పడదు. ‘మాట పడ్డాడు’ అన్నప్పుడు వ్యాకరణానికి అతడే కర్త, మాట అన్నది మాత్రం వేరొకరు. కర్మణి వాక్యంలో ‘బడు’ చేరడానికీ ఈ స్వభావమే కారణం. తమిళంలోనూ ‘సెయ్యప్పడు’ ఉంది కనుక, ఆ ప్రయోగం ఇంగ్లీషు చలవేనని కొట్టిపారేయలేం. కాకపోతే ఇంట్లో మనం ‘గోడ కట్టారు’ అంటాం, ‘గోడ కట్టబడింది’ అనం. ‘తెలియజేయబడుచున్నది’ నోటీసు బోర్డు మీదే బతుకుతోంది. తెలియజేసేదెవరో చెప్పకుండా తప్పించుకోవడానికి ఆఫీసులకది అనుకూలం.

ఇక్కడొక తిరకాసు ఉంది. ‘రెండు రోజులు పడుతుంది’ అన్నదాంట్లో ఉన్నది ‘పడు’ కాదు. భూతకాలంలోకి మార్చండి: ‘రెండు రోజులు పట్టింది’. అంటే అది ‘పట్టు’. కొట్టు ‘కొడతాడు’ అయినట్టు, పట్టు ‘పడతాడు’ అవుతుంది. చేపలు పడతాడు, పట్టాడు. గోతిలో పడతాడు, పడ్డాడు. వర్తమానంలో కలిసిపోయిన రెండు క్రియలు భూతకాలంలో విడిపోతాయి.

సూర్యుడు పడే దిక్కు పడమర. కన్నడంలో ‘పడువల’. ఇంగ్లీషు ‘ఫాల్’ కూడా జబ్బుకూ నిద్రకూ పనికొస్తుంది. ఆకులు రాలే రుతువుకు అమెరికావాళ్లు ఆ పేరే వాడతారు. వాళ్ల క్రియ రుతువైతే మన క్రియ దిక్కయింది. ఒంగోలు నుంచి చూస్తే పడమటి సీమ అయిన మనకు ఆ దిక్కే చిరునామా.

ఈ ధాతువు సంతానం పెద్దది. ఏర్పడు నుంచి ఏర్పాటు, పొరపడు నుంచి పొరపాటు, అలవడు నుంచి అలవాటు, తిరగబడు నుంచి తిరుగుబాటు. పెట్టుబడి, దిగుబడి, రాబడి అంటే సేద్యపు లెక్క మొత్తం ఇందులోనే. అన్నిటికన్నా ‘కష్టపడు’ ప్రయాణం ఆసక్తికరం. మీదికొచ్చిన కష్టాన్ని అనుభవించడం దాని మొదటి అర్థం. ‘కష్టపడి చదివాడు’ అన్నప్పుడు ఆ కష్టం తానుగా పూనుకున్నది. భరించడం నుంచి పూనుకోవడానికి క్రియ జరిగింది. ‘నిలబడు’, ‘తిరగబడు’ కూడా ఆ దారివే.

ఇవన్నీ పల్లె నోటి మాటలు. కృష్ణమూర్తిగారు అలాంటి మాటలకు శాస్త్ర గౌరవం ఇచ్చారు. రైతుల నుంచి సేకరించిన వ్యవసాయ పదాలతో ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వెలువడింది. ఆ తర్వాత మన సేద్యంలోకి రిగ్గు వచ్చింది, కేసింగు వచ్చింది, బోరుకు పాయింటు చూపించడం వచ్చింది. ‘రెండించుల నీళ్లు పడ్డాయి’, ‘దుమ్మే లేచింది’ అనే వాక్యాలు వచ్చాయి. ఇక్కడి కళాశాల విద్యార్థులు సెలవుల్లో తమ ఊళ్లలో ఈ మాటలను సందర్భంతో సహా రాసుకొస్తే, ఆ పని కొనసాగినట్టే. ఆయన స్మృతికి అంతకన్నా తగిన నివాళి నాకు కనిపించడం లేదు.