పెద్దలతో సముద్రయాత్ర



గోదావరి యొడ్డున పుట్టి పెరిగిన మనకు సముద్రము దూరము. అయినను నేడు పట్టణములలో ఉద్యోగములు చేయు మన పిల్లలు, తాతలను మనుమలను వెంటబెట్టుకొని సముద్రతీరమున నాలుగు దినములు గడుపుదమని ముచ్చటపడుచున్నారు. మంచిదే. కాని బస నెంచుకొను భారము వారికే విడువవలదని నా మనవి.

మా యక్కయ్యకు డెబ్బదియెనిమిదేండ్లు. ధర్మపురిలో గంగస్నానము తప్పని మనిషి. మన ప్రాంతమున గోదావరిని గంగ యనియే యందుము గదా. “తమ్మీ, గీ గంగ పోయి కలిసే సముద్రం ఒక్కసారి చూపియ్యరాదు” అని ఏండ్లుగా అడుగుచుండెను. ఒక వేసవిలో మా కుమారుడు బొమ్మలు చూచి మురిసి, మూడవ అంతస్తున గదులు తీసికొనెను. లిఫ్టు చెడిపోయి యుండెను. ఆమె మోకాళ్లు మెట్లు దిగనీయలేదు. రెండు దినములు గదిలోనే కూర్చుండి, సముద్రపు హోరు విని తిరిగివచ్చినది. ఒక్క మాటయు ననలేదు. అదియే నన్ను బాధించినది.

మరుసటి యేడు విచారణ నేనే చేపట్టితిని. మొదట అంతర్వేది తలపునకు వచ్చెను. అచ్చట గోదావరి పాయయగు వసిష్ఠ సాగరమున గలియును. ధర్మపురియందువలెనే నరసింహస్వామియు వెలసియున్నాడు. కాని రైలు నరసాపురము వరకే, ఆపై ఏరు దాటవలెను. నడువలేని పెద్దదానితో, నలుగురు పసివారితో అది కష్టమని తోచినది. మన మంచిర్యాల, రామగుండము, పెద్దపల్లి మీదుగా పోవు రైలుమార్గమే విజయవాడ దాటి బాపట్ల, చీరాలల మీదుగా చెన్నైకి పోవును. బాపట్లకు 9 కిలోమీటర్లలో సూర్యలంక. అదియే నిశ్చయించితిని.

కార్తికస్నానమునకు పోదమని కొందరనిరి. అది తుపానుల కాలము. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటెను. మాఘమాసమే మేలనుకొంటిని. బసవారికి టెలిఫోను చేసి, గది నేలమీదనే యున్నదా, మరుగుదొడ్డి కుర్చీవంటిదా, ఇసుకవరకు మెట్లెన్ని యని యడిగితిని. “మెట్లు లేవు, చిన్న గట్టు మాత్రమే” యనిరి. గట్టెన్ని జానలని యడుగగా నవ్విరి. నవ్వనిండు.

పిల్లల విషయమున ఒక మాట. గోదావరిలో ఈదినవానికి సముద్రము లొంగదు. ఇరుప్రక్కల అలలు విరుగుచుండగా నడుమ నీరు నిమ్మళముగా కనబడినచో అది క్షేమమని భ్రమపడరాదు. ఒడ్డునకు వచ్చిన నీరు తిరిగి లోనికి పోవు త్రోవ తరచుగా అదియే. దానిలో చిక్కినవాడు తీరమున కెదురీదిన అలసి మునుగును. తీరము పొడవున ప్రక్కకు ఈది, ఆ వడినుండి బయటపడవలెను. మా మనుమలను మోకాటి లోతు దాటనీయలేదు, అలిగిరి, మరచిరి.

తెల్లవారుజామున అక్కయ్యను కుర్చీతో సహా అల తాకు చోట కూర్చుండబెట్టితిమి. చాలసేపు పలుకలేదు. పిదప, “గంగ గీడికే వస్తదా తమ్మీ?” అని యడిగెను. అబద్ధమాడలేక, “ఇక్కడ కాదక్కా, ఇంకా అవతల కలుస్తది” అంటిని.

“సముద్రానికి నడుమ గోడలున్నయా?” అని, వంగి దోసిటితో నీరు తీసి తలపై జల్లుకొన్నది.