ఆశ్చర్యానికి ముందు అంచనా

భౌతికశాస్త్రం చదవడానికి వచ్చే విద్యార్థులు తమకు ఆ విషయం తెలియదన్న ఎరుకతోనే తరగతిలో కూర్చుంటారు. మనస్తత్వశాస్త్రం మొదటి తరగతిలో అధ్యాపకులకు ఆ వెసులుబాటు ఉండదు. పుట్టినప్పటి నుంచి మనుషుల మధ్యే పెరిగినవాళ్లకు మనిషి గురించి ఏం చెప్పినా ‘ఇందులో కొత్తేముంది’ అనిపిస్తుంది. అందుకే రోజువారీ ప్రవర్తనలోని వింతలతో పాఠం మొదలుపెట్టడం చాలామందికి అలవాటు. మంచి అలవాటే. అయితే వింతను చెప్పేముందు విద్యార్థుల చేత వాళ్ల అంచనాను కాగితం మీద రాయించకపోతే, దాని బలం చాలావరకు వృథా అవుతుందని నా వాదన.

రెండో ప్రపంచయుద్ధ కాలపు అమెరికన్ సైనికుల మీద వెలువడిన పెద్ద అధ్యయనాన్ని 1949లో సమీక్షిస్తూ పాల్ లాజర్స్‌ఫెల్డ్ కొన్ని ఫలితాలను వరసగా చెప్పాడు. బాగా చదువుకున్న సైనికుల్లో మానసిక సమస్యలు ఎక్కువ అన్నది వాటిలో ఒకటి. ఆలోచించేవాళ్లు ఒత్తిడికి లొంగడం సహజమే కదా అని పాఠకుడు తల ఊపుతాడు. ఆ తర్వాత, అసలు ఫలితం దీనికి సరిగ్గా వ్యతిరేకమని, చదువు తక్కువున్నవాళ్లలోనే ఆ లక్షణాలు ఎక్కువని ఆయన బయటపెట్టాడు. ఆ రెండో మాటా మనకు అంతే సహజంగా తోస్తుంది! 1975లో బారూక్ ఫిషాఫ్ దీనికి ప్రయోగం ద్వారా ఆధారం చూపాడు. 1814లో బ్రిటిష్‌వారికీ గూర్ఖాలకూ జరిగిన పోరు వివరాలిచ్చి, ఒక్కో బృందానికి ఒక్కో ముగింపు చెప్పాడు. తమకు చెప్పిన ముగింపుకే మొదటి నుంచీ అవకాశం ఎక్కువని వాళ్లకు తోచింది. జవాబు ముందే విన్నవాళ్లకు తమ తెలియనితనం కనబడకుండా పోయేది ఇక్కడే.

మన తరగతులకు సూటిగా తగిలే ప్రయోగం 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ చేసినది. విద్యార్థులకు చిన్న వచనభాగాలిచ్చి ఒకదాన్ని రెండుసార్లు చదివించారు. మరొకదాన్ని ఒకసారి చదివించి, గుర్తున్నదంతా చూడకుండా రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత రెండుసార్లు చదివిందే మెరుగు: 81 శాతం, 75 శాతం. వారం గడిచాక లెక్క తిరగబడింది. మళ్లీ చదివినదానిలో 42 శాతం మిగిలితే, రాసి చూసుకున్నదానిలో 56 శాతం మిగిలింది. రెండోసారి చదివేటప్పుడు వాక్యాలు తేలిగ్గా సాగిపోతాయి, ఆ తేలికనే మనసు ‘వచ్చేసింది’ అని లెక్కవేసుకుంటుంది. ఇంటర్మీడియట్ స్టడీ అవర్లలో బట్టీ పట్టి వచ్చిన పిల్లలకు ఈ అంకెలు ఊరికే చెబితే నోట్సులో ఇంకో పంక్తి చేరుతుంది, అంతే. అదే ప్రయోగాన్ని వాళ్లతోనే చేయించి, ఏది ఎక్కువ గుర్తుంటుందో ముందే రాయించి, వారం తర్వాత ఆ కాగితాలు తిరిగిస్తే కాదనలేని సాక్ష్యం వాళ్ల చేతిరాతలోనే ఉంటుంది.

వింతల వెంటపడితే పాఠం గారడీ అవుతుందని కొందరి అభ్యంతరం. అంతకంటే బరువైన అభ్యంతరం మరొకటుంది: అబ్బురపరిచే ఫలితాలు చాలాసార్లు నిలబడలేదు. 2015లో వెలువడిన ఉమ్మడి పరిశోధనలో 100 అధ్యయనాలను తిరిగి చేస్తే, 36 శాతంలోనే గణాంకపరంగా లెక్కకొచ్చే ఫలితం మళ్లీ దక్కింది. 1964లో న్యూయార్క్‌లో కిట్టీ జెనోవీస్ హత్యను 38 మంది చూస్తూ ఊరుకున్నారన్న కథను పాఠ్యపుస్తకాలు దశాబ్దాలపాటు చెప్పాయి. దానికి ఆధారాలు లేవని 2007లో మానింగ్, లెవీన్, కాలిన్స్ చూపారు. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను, అందుకే అంచనా రాయించాలంటున్నాను. ‘ఈ ప్రయోగం మళ్లీ చేస్తే ఇదే వస్తుందా, ఎందుకు?’ అన్న ప్రశ్నకూ విద్యార్థులు ముందుగా జవాబు రాయాలి. జెనోవీస్ కథను తాము ఎంత సులువుగా నమ్మారో చూసుకున్నవాళ్లు, తర్వాతి వింత వినగానే ఎంతమందిని పరీక్షించారు, ఎవరిని, ఎక్కడ అని అడుగుతారు. సిలబస్ సాగదన్న బెంగ న్యాయమైనదే. కాబట్టి ప్రతి గంటకూ ఒక వింత అక్కర్లేదు. సెమిస్టరుకు నాలుగైదు చాలు, వాటికోసం కొన్ని నిర్వచనాలు పిల్లలు ఇంట్లో చదువుకుంటే నష్టమేమీ లేదు.