మెక్సికో ఇల్లు – మన ఇల్లు
(తుంబలహళ్లి తెలుగువారి వారపు కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



మెక్సికో దేశపు ఆచారవ్యవహారములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. ఆ దేశమును నేను కన్నులార చూచినవాడను కాను. చదివి తెలిసికొన్నదానినే మనవి చేయుదును. భూగోళమున కావలి ప్రక్కనున్న దేశముతో మనకేమి పని యని మీలో కొందరు తలపవచ్చును. నిజమునకు మెక్సికో మన వంటయింటిలోనే యున్నది. ఈ యుదయమున రాగిసంగటితో మీరు నంజుకొన్న కారములోని మిరప ఆ దేశపు బిడ్డ. మొక్కజొన్న పుట్టినిల్లును అదియే. టొమాటోను పెరటి పంటగా తీర్చినవారును ఆ దేశపు రైతులే. మన బాటల ప్రక్క పిల్లలు రాళ్లు రువ్వి రాల్చుకొను సీమచింత అక్కడి చెట్టు. గుమ్మమునకు గట్టు బంతిపూవును, గుడి ముంగిట రాలు దేవగన్నేరుపూవును అక్కడినుండి వచ్చినవే.

ఈ దేశము ఉత్తర అమెరికా ఖండమున, సంయుక్త రాష్ట్రములకు దక్షిణముగా నున్నది. వైశాల్యమున మన భారతదేశములో అయిదింట మూడువంతులుండును. 2020 జనాభా లెక్కల ప్రకారము అచ్చటి ప్రజలు 12 కోట్ల 60 లక్షలు. ఒక సరస్సు నడుమ 1325లో అజ్టెకులు తమ రాజధానిని నిర్మించుకొన్నారని వారి సంప్రదాయము. 1521లో స్పెయిను సైన్యము దానిని పడగొట్టెను. పిమ్మట మూడువందల యేండ్లు పరపాలనము సాగెను. 1810లో ఆరంభమైన స్వాతంత్ర్యసమరము 1821లో ఫలించెను. నేడు అధికసంఖ్యాకులు స్పానిషు భాష మాటాడు క్యాథలిక్కు మతస్థులు.

ఇక వారి ఇంటిలో అడుగిడుదము. మనకు రాగి యెట్టిదో వారికి మొక్కజొన్న అట్టిది. సుమారు తొమ్మిదివేల యేండ్ల క్రిందట ఒక అడవిగడ్డిని సాకి, తరతరములుగా మంచి గింజలనేరి, దానిని పంటగా మలచినవారు ఆ దేశపు దక్షిణభాగపు రైతులు. గింజను వారు ఊరక పిండి పట్టరు. సున్నపు నీట ఉడికించి, రాత్రియంతయు నానవిడిచి, కడిగి, పిమ్మట రుబ్బుదురు. ఇట్లు చేయుటవలన పొట్టు వదలుటయే గాక, గింజలో దాగియున్న ఒక విటమిను ఒంటికి పట్టును. ఐరోపావారు మొక్కజొన్నను తీసికొనిపోయిరి గాని ఈ ఉపాయమును తీసికొనిపోలేదు. అందువలన ఆ గింజయే ప్రధానాహారమైన పేదలు పెల్లాగ్రా యను రోగమున పడిరి. చదువురాని తల్లుల చేతిలోని శాస్త్రమెంతటిదో చూడుడు!

రుబ్బుటకు వారికి మన సన్నికల్లువంటి రాయి కలదు; కారము నూరుటకు మూడుకాళ్ల రాతిరోలు కలదు; రొట్టె కాల్చుటకు మట్టిపెనము కలదు. ఆ పలుచని రొట్టెయే టోర్టియా. పప్పునకు బదులు చిక్కుడుగింజలు, పచ్చడికి బదులు టొమాటో మిరపలు నూరిన సల్సా. మొక్కజొన్న పిండితో కాచిన జావను అటోలే యందురు. అదే పిండిని కండె పొత్తులలోనో అరటియాకులలోనో చుట్టి ఆవిరిపై ఉడికించినది టమాలె. దానిని చూచినచో మన కుడుము జ్ఞప్తికి వచ్చును.

మనము తెచ్చుకొనుటయే గాదు, ఇచ్చితిమి కూడ. 1565 మొదలు 1815 వరకు ఫిలిప్పీనులలోని మనీలాకును మెక్సికోలోని అకపుల్కో రేవునకును ఓడలు నడచెను. ఆ రాకపోకల కాలముననే మామిడియు ఆసియాఖండమునుండి ఆ దేశమునకు చేరెను. నేటికిని అక్కడ ఒక మామిడిరకమునకు మనీలా యనియే పేరు. చింతపండు వారి జిహ్వకు పరమప్రియమైనది. చింతపండు పిసికి చక్కెర కలిపిన చల్లని పానకము వేసవిలో వీధివీధిని అమ్ముదురు. చింతపండు గుజ్జులో కారమద్దిన మిఠాయిలు పిల్లలకు ప్రాణము. మామిడికిని చింతకును పేరువడిన ధర్మపురి సీమవారమగు మనకీ సంగతి గర్వకారణము గాదా!

వారి వేడుకలును మనకు వింతగా తోపవు. ఆడపిల్లకు పదునైదేండ్లు నిండినప్పుడు బంధువులనెల్ల పిలిచి గొప్పగా పండుగ చేయుదురు. మన ఓణీల వేడుక దానికి చెల్లెలు. బిడ్డ కిద్దరి ఇంటిపేర్లు వచ్చును: మొదట తండ్రిది, పిమ్మట తల్లిది. క్రిస్మసునకు ముందు తొమ్మిది రాత్రులు ఇల్లిల్లు తిరిగి పాటలు పాడుదురు. అప్పుడు రంగుకాగితములంటించిన కుండను వ్రేలాడగట్టి, పిల్లవాని కన్నులకు గంతగట్టి, కఱ్ఱతో కొట్టింతురు. అది పగిలినంతనే పండ్లును మిఠాయిలును రాలును. మన ఉట్ల పండుగను ఎఱిగినవారి కింతకన్న వివరింప నక్కఱలేదు.

నవంబరు 1, 2 తేదీలు వారి పెద్దల పండుగ. పోయినవారి పటములనుంచి, వారికి ప్రీతియైన వంటకములు, నీరు, ఉప్పు, దీపములు అమర్చి, మన సాంబ్రాణివంటి కోపాల్ ధూపము వేయుదురు. వీధి వాకిలినుండి ఆ పీఠము వరకు బంతిపూరేకులు దారిగా పఱతురు. ఆ పూల వన్నెను, వాసనను బట్టి పెద్దలు ఇల్లు గుర్తుపట్టి వత్తురని నమ్మకము. మహాలయమున పెద్దలకు విస్తరి వేయు మనకు ఈ మాట అర్థము గాకపోవునా?

ఇంతవరకు చెప్పినది వినోదము. ఇక చెప్పబోవునది హెచ్చరిక.

అజ్టెకుల భాష నవాత్ల్. చిలీ, టొమాటో, అవకాడో అను మాటలు ఆ భాషలోనివి. వారపు సంతకు మెక్సికోలో నేటికిని తియాంగిస్ అందురు. అదియు నవాత్ల్ మాటయే. ఆ భాషలోని పేర్లు లోకమంతయు తిరుగుచున్నవి. కాని ఆ భాషను మాటాడువారు 2020 లెక్కలలో 16 లక్షల పైచిలుకు మాత్రమే. అట్టి పూర్వభాషలు ఆ దేశమున 68 గలవు. 1930లో నూటికి పదునార్గురు వానిని మాటాడిరి. 2020 నాటికి నూటికి ఆర్గురైరి. ఇరువదవ శతాబ్దమున పాఠశాలలు స్పానిషులోనే నడచెను. ఇంటి భాష మాటాడిన పిల్లలను అనేక పాఠశాలలలో దండించిరి. ఆ దెబ్బలు తిన్నవారు తల్లిదండ్రులైన పిమ్మట తమ బిడ్డలకా బాధ వలదని ఇంటను ఆ భాషను మానుకొనిరి. ప్రేమచేతనే మానుకొనిరి, అదియే దుఃఖకరమైన సంగతి. 2003లో ప్రభుత్వము ఆ భాషలన్నియు జాతీయభాషలేయని చట్టము చేసెను. మంచి చట్టమే. కాని మానిన తల్లి నోట మరల మాట పుట్టించుట చట్టమునకు సాధ్యము గాదు.

ఇప్పుడు మన సంగతి. మన యూరి పేరులోని హళ్లి కన్నడము, కచేరి భాష తమిళము, మన ఇంటి మాట తెలుగు. తమిళము మనకు కూడు పెట్టు భాష. దానిని చక్కగా నేర్వవలసినదే, గౌరవింపవలసినదే. అయితే అవ్వ తెలుగున అడిగినదానికి మనుమడు తమిళమున బదులు చెప్పు ఇండ్లు మనలో ఎన్ని? తెలుగు మాటాడియు, తెలుగక్షరమును చిత్తరువును చూచినట్లు చూచు పిల్లలెందఱు? ఎవరి నోటను ఎవరును మూయలేదు, మనమే మానుకొనుచున్నాము.

ఒక్కమాట యోచింపుడు. మిరప సముద్రము దాటి వచ్చినప్పుడు మనవారు దానికి మిరియపు పోలికతో తెలుగు పేరు పెట్టిరి. మక్కను చూచి మొక్కజొన్న యనిరి. పైదేశపు చింతను సీమచింత యనిరి. బ్రతికియున్న భాష ఇంటికి వచ్చిన క్రొత్తవస్తువునకు తన పేరు పెట్టును. బ్రతుకుడిగిన భాష తన పేర్లను మాత్రము లోకమునకు విడిచి తాను వెడలిపోవును. మన తెలుగు ఈ రెంటిలో ఏది కావలయునో నిర్ణయించువారు ఢిల్లీలో లేరు, చెన్నైలో లేరు. మన వంటయిండ్లలో ఉన్నారు.

కావున పెద్ద కోరిక యేదియు కోరను. రాబోవు వారమునకు ఒక్కొక్క పిల్లవాడును, పిల్లయు తమ అవ్వనడిగి, ఆమె వంటయింటి సామగ్రి పేర్లు పదింటిని తెలుగక్షరములతో వ్రాసి తీసికొనిరావలయును. వ్రాయుట రానివారికి పెద్దలు చేయిపట్టి దిద్దింపుడు. సన్నికల్లు, రోలు, పెనము అని మొదలుపెట్టినచో పది పేర్లకు ఎంతసేపు పట్టును? నవాత్ల్ తల్లులకు ఆలస్యముగా తెలిసినది మనకు సకాలమున తెలిసినది. తెలిసియు ఊరకుండుట తగదు.