ఒకే ఏడు పుట్టిన ఇద్దరు: బాఖ్, స్కార్లట్టి

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగం పాఠం)

1984 పదో తరగతి బ్యాచ్ వాళ్లు వెనక వరసలో కూర్చున్నారు. అప్పుడూ అక్కడే కూర్చునేవారు.

"ఏదైనా నీకిష్టమైన విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడు" అని కార్యదర్శిగారు అన్నప్పుడు, ఇంజనీరును కాబట్టి నేను పంపుల గురించో పైపుల గురించో చెబుతానని ఆయన అనుకుని ఉంటారు. నేను మాత్రం మూడు వందల ఏళ్ల కిందటి ఇద్దరు యూరప్ సంగీత కర్తల గురించి చెప్పబోతున్నాను. కారణం చివర్లో చెబుతాను. అందులో ఈ బడికి నేను అచ్చుకోవలసిన బాకీ ఒకటి ఉంది.

మన ప్రార్థన హాల్లో హార్మోనియం మాస్టారు మీలో చాలామందికి గుర్తుండే ఉంటారు. ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా నేను ఆయన పక్కన కూర్చుని వాయించాను. ఆ తర్వాత ఇంటరు, ఇంజనీరింగు, ఉద్యోగం. ముప్పై ఏళ్లకు పైగా ఏ మీటా ముట్టుకోలేదు. మా అమ్మాయి పై చదువుకు వెళుతూ తన కీబోర్డు ఇంట్లో వదిలేసి వెళ్లింది. నలభై ఏడో ఏట దాని దుమ్ము దులిపి, సికింద్రాబాదులో ఒక టీచరుగారి దగ్గర చేరాను. మొదటి రోజే ఆవిడ అడిగారు: "మీ ఎడమ చెయ్యి ఏం చేస్తోందండీ?"

హార్మోనియం వాయించేవాడి ఎడమ చేతికి తిత్తి కొట్టడం తప్ప మరో పని తెలియదు. పాటంతా కుడి చేతిదే. నా ఎడమ చెయ్యి అలవాటు కొద్దీ లేని తిత్తిని కొడుతోందన్నమాట. ఆవిడ నవ్వి, బాఖ్ రాసిన మొదటి ఇన్వెన్షన్ ముందు పెట్టారు. మొత్తం ఇరవై రెండు బార్ల చిన్న ముక్క. అది నేర్చుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ముందు ఆ ఇద్దరినీ పరిచయం చేస్తాను. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1685 మార్చి 21న జర్మనీలోని ఐజెనాఖ్‌లో పుట్టాడు. డొమెనికో స్కార్లట్టి అదే ఏడు అక్టోబరు 26న ఇటలీలోని నేపుల్స్‌లో పుట్టాడు. మన భాషలో చెప్పాలంటే ఒకే బ్యాచ్. బాఖ్‌కు పదేళ్లు నిండేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు, అన్నగారు పెంచాడు. స్కార్లట్టికి ఉన్న చిక్కు దానికి సరిగ్గా తిరగేసినది. తండ్రి అలెస్సాండ్రో ఆపెరాలు రాసిన మహా ప్రసిద్ధుడు. ఆ నీడలోంచి బయటపడి, తన బతుకు తాను బతకడానికి చట్టబద్ధంగా కాగితం రాయించుకునేసరికి కొడుకుకు ముప్పై ఒక్క ఏళ్లు. బాఖ్ ఎప్పుడూ ఇటలీ వెళ్లలేదు. స్కార్లట్టి రోమ్, లిస్బన్, సెవిల్ తిరిగి మాడ్రిడ్‌లో స్థిరపడ్డాడు. ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడలేదు.

వాళ్లిద్దరి చేతిలో ఉన్న ముఖ్యమైన వాద్యం హార్ప్సికార్డ్. చూడ్డానికి పియానోలాగే ఉంటుంది. అయితే పియానోలో చిన్న సుత్తి తీగను కొడుతుంది, హార్ప్సికార్డ్‌లో ఈక మొన తీగను మీటుతుంది. దాంతో వచ్చే పేచీ ఏమిటంటే, మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా శబ్దం దాదాపు ఒక్కలాగే ఉంటుంది. గొంతు పెంచడం, తగ్గించడం వేళ్లకు సాధ్యం కాదు. హార్మోనియంలో తిత్తితో చేసే ఆ కాస్త పని కూడా ఇందులో లేదు. మరి భావం ఎలా పలికించాలి? ఈ ప్రశ్న ఇద్దరికీ ఒకటే, జవాబులు వేరు. వాళ్ల శైలుల మధ్య తేడా అంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది.

బాఖ్ జవాబు నేత. ఒక పోగు చాలకపోతే రెండో పోగు, మూడో పోగు. నేను చెప్పిన మొదటి ఇన్వెన్షన్‌లో కుడి చెయ్యి ఎనిమిది స్వరాల మాట ఒకటి అంటుంది: స రి గ మ రి గ స ప. అదే మాటను ఎడమ చెయ్యి కింది స్థాయిలో అందుకుంటుంది. అప్పటికి కుడి చెయ్యి ఊరుకోదు, కొత్త మాట మొదలెడుతుంది. (ఇక్కడ కీబోర్డు మీద వాయించి చూపించాను.) మూడో బారుకు వచ్చేసరికి అదే మాట తలకిందులవుతుంది. ఎక్కిన మెట్లన్నీ దిగుతుంది. ఇరవై రెండు బార్లూ దాదాపు ఆ ఒక్క మాటతోనే కట్టాడు. బయటి నుంచి తెచ్చిన ఇటుక కనబడదు.

ఇదే పద్ధతి పెద్దదైతే దాన్ని ఫ్యూగ్ అంటారు. బుర్రకథలో కథకుడు ఆగాక వంతలు అందుకుంటారు కదా? ఫ్యూగ్‌లో కథకుడు ఆగడు. రెండోవాడు పల్లవి ఎత్తుకుంటే, మొదటివాడు దాని మీద ఇంకో మాట వేస్తాడు. మూడోవాడు, నాలుగోవాడు కూడా వస్తారు. పెళ్లింట్లో నలుగురు ఒకేసారి మాట్లాడుతున్నా ఎవరి మాట వాళ్లదిగా వినిపించి, అందరూ కలిసి ఒకే విషయం తేల్చినట్టు ఉంటుంది. మన పెళ్లిళ్లలో అలా జరగడం నేను చూడలేదు.

ఇంజనీర్ల కోసం ఒక్క లెక్క చెప్పి ముందుకు వెళతాను. షడ్జం నుంచి పంచమానికి, ఆ పంచమానికి మళ్లీ పంచమం, ఇలా పన్నెండుసార్లు ఎక్కితే ఏడు స్థాయిల పైనున్న షడ్జం దగ్గరకు చేరాలి. చేరదు. ఒకటిన్నరను పన్నెండుసార్లు హెచ్చిస్తే 129.75 వస్తుంది. రెండును ఏడుసార్లు హెచ్చిస్తే 128. ఆ మిగులును ఎక్కడో ఒకచోట సర్దాలి. పాత పద్ధతుల్లో కొన్ని శ్రుతులు తీయగా ఉండి, కొన్ని చెవికి భరించరానివిగా ఉండేవి. ఆ మిగులును తెలివిగా పంచి శ్రుతి చేస్తే పన్నెండు మెట్లలో దేని మీదైనా ఇల్లు కట్టుకోవచ్చని బాఖ్ 1722లో 'వెల్ టెంపర్డ్ క్లావియర్' అనే సంపుటంతో చూపించాడు. మేజర్, మైనర్ కలిపి 24 శ్రుతులు, ఒక్కోదానికి ఒక ప్రిల్యూడ్, ఒక ఫ్యూగ్. ఇరవై ఏళ్ల తర్వాత అలాంటిదే మరో సంపుటం పూర్తి చేశాడు.

ఇప్పుడు స్కార్లట్టి. నిజం ఒప్పుకోవాలి. మొదట్లో ఈయన నాకు నచ్చలేదు. ఒక మాట అంటాడు, దాన్నే మళ్లీ అంటాడు, మూడోసారీ అంటాడు. ఉన్నట్టుండి ఆగిపోతాడు. మౌనం తర్వాత సంబంధం లేని ఇంకో శ్రుతిలో తేలతాడు. బాఖ్‌ను చదివిన కళ్లకు ఇది ప్లాను లేకుండా కట్టిన ఇల్లులా అనిపించింది. టీచరుగారితో అదే అంటే, "ఇంటి ప్లాను కాదండీ, వీధి చూడండి" అన్నారు.

ఆ మాట అర్థం కావడానికి ఆయన ఎక్కడ బతికాడో తెలియాలి. పోర్చుగల్ రాకుమారి మారియా బార్బరాకు ఆయన సంగీత గురువు. 1729లో ఆవిడ స్పెయిన్ యువరాజును పెళ్లాడి వెళితే, గురువూ వెంట వెళ్లాడు. మిగిలిన జీవితమంతా, 1757లో చనిపోయేదాకా, అక్కడే గడిపాడు. గాడిదల మీద సరుకు తోలేవాళ్లు, మామూలు జనం పాడుకునే పాటల ధోరణి ఆయన రచనల్లో ఉందని ఇంగ్లండు సంగీత చరిత్రకారుడు చార్లెస్ బర్నీ ఆ శతాబ్దంలోనే రాశాడు. వింటే మనకే తెలుస్తుంది. ఒకే మీటను వేళ్లు మార్చి మార్చి గబగబా కొట్టిస్తాడు, గిటారు తీగ అదిరినట్టుంటుంది. ఎడమ చేతి కింద నాలుగైదు స్వరాలను గుత్తిగా పెట్టి, వాటిలో ఒకటి రెండు పొసగని స్వరాలు ఇరికిస్తాడు. మొదటిసారి వాయించినప్పుడు అచ్చుతప్పనుకున్నాను. అచ్చుతప్పు కాదు, గిటారు వాడు అన్ని తీగలనూ ఒక్క చేత్తో బరికినప్పటి చప్పుడది. (ఇక్కడ డి మైనర్ సొనాటా ఒకదాని మొదటి కొన్ని బార్లు, తప్పులతో సహా వాయించాను.)

అంటే గొంతు పెరగని వాద్యానికి ఈయన ఇచ్చిన జవాబు పోగులు పెంచడం కాదు. గుత్తి చిక్కగా వేస్తే బిగ్గరగా వినిపిస్తుంది, ఒంటి స్వరం మెల్లగా వినిపిస్తుంది, ఏమీ వాయించకపోతే అందరూ తలెత్తి చూస్తారు. మౌనాన్ని కూడా వాద్యంలాగే వాడుకున్నాడు.

ప్లాను లేదనుకోవడం కూడా నా పొరపాటే. ఆయన సొనాటా సాధారణంగా రెండు భాగాలు, ఒక్కోటి రెండేసిసార్లు వాయించాలి. మొదటి సగం సొంత శ్రుతిలో బయల్దేరి వేరే ఊరు చేరి ఆగుతుంది. రెండో సగం ఇంకా దూరం తిరిగి, అప్పుడు ఇంటి దారి పడుతుంది. మొదటి సగం చివర పరాయి శ్రుతిలో విన్న మాటలే ఇప్పుడు సొంత శ్రుతిలో వినిపిస్తాయి. పరాయి ఊళ్లో అలవాటైన పాట మన ఇంటి అరుగు మీద విన్నట్టుంటుంది. ఉద్యోగాల పేరుతో ఊరు వదిలిన మనలాంటి వాళ్లకు దీన్ని ఇంతకంటే విడమర్చి చెప్పక్కర్లేదు.

చేతులు ఒకదాని మీదుగా ఒకటి దాటించడం ఇద్దరిలోనూ ఉంది. కానీ కారణాలు వేరు. 1741లో అచ్చయిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌ను బాఖ్ రెండు వరసల మీటలున్న హార్ప్సికార్డ్ కోసం రాశాడు. రెండు గొంతులు ఒకే చోట తిరుగుతూ ఒకదాన్నొకటి దాటాలి, అందుకని చేతులూ దాటతాయి. స్కార్లట్టి 1738లో అచ్చువేసిన ముప్పై సొనాటాల్లో చెయ్యి గాలిలో ఎగిరి అవతలి గట్టున పడుతుంది. గురి తప్పుతుందేమోనన్న భయం, తప్పలేదన్న సంతోషం కూడా ఆ సంగీతంలో భాగమే. ఆ పుస్తకం ముందుమాటలో ఇందులో గాఢమైన పాండిత్యం వెతకొద్దని, ఇది కళతో ఆడిన ఆట అని పాఠకుడికి ఆయనే చెప్పుకున్నాడు.

ఇద్దరిలో ఎవరు గొప్ప అని అడగకండి. నా అనుభవం చెబుతాను. బాఖ్ నా ఎడమ చేతికి మాట నేర్పాడు. స్కార్లట్టి దానికి భయం పోగొట్టాడు.

ఇక బాకీ విషయం. ఈ ఇద్దరిలో ఉన్న పెద్ద పోలిక, ఇద్దరూ బోధించడానికి రాశారు. బాఖ్ ఇన్వెన్షన్స్ చాలావరకు మొదట కొడుకు నేర్చుకునే పుస్తకంలో చేరినవి. వాటికి 1723లో శుద్ధప్రతి రాసుకున్నాడు. అదే ఏడు లైప్జిగ్‌లో సెయింట్ థామస్ బడిలో కాంటర్‌గా చేరి, చనిపోయేదాకా ఇరవై ఏడేళ్లు అక్కడే ఉన్నాడు. లాటిన్ క్లాసు కూడా ఆయన చెప్పాల్సిందే. అది తప్పించుకోవడానికి సొంత డబ్బిచ్చి మరొకరిని పెట్టుకున్నాడు. (మాస్టార్లు నవ్వుతున్నారు.) బాఖ్‌కు బడినిండా పిల్లలు, స్కార్లట్టికి ముఖ్యంగా ఒక్క శిష్యురాలు.

వాళ్ల సంగీతం మనదాకా ఎలా వచ్చింది? 'వెల్ టెంపర్డ్ క్లావియర్' బాఖ్ బతికుండగా అచ్చుకాలేదు. ఆయన 1750లో పోయాడు, అది అచ్చయింది 1801లో. మధ్యలో యాభై ఏళ్లు. మన సంఘం వయసంత. ఆ యాభై ఏళ్లూ దాన్ని నిలిపింది ముఖ్యంగా శిష్యులు, వాళ్ల శిష్యులు చేత్తో రాసుకున్న ప్రతులు. స్కార్లట్టి స్వహస్తంతో రాసిన సొనాటా ఒక్కటీ మిగల్లేదు. అప్పటికి స్పెయిన్ రాణి అయిన మారియా బార్బరా కోసం ఆయన చివరి రోజుల్లో లేఖకులు సంపుటాలకు సంపుటాలు నకలు తీశారు. అలాంటివి వెనిస్‌లో పదిహేను, పార్మాలో పదిహేను ఉన్నాయి. ఈ రోజు మనం లెక్కపెట్టే 555 సొనాటాల్లో ఎక్కువ భాగం వాటి పుణ్యమే.

బాఖ్ చిన్నప్పటి కథ ఒకటుంది. ఆయన పోయాక 1754లో అచ్చయిన సంస్మరణలో రాశారు. అన్నగారి బీరువాలో ఒక సంగీతం పుస్తకం ఉండేది. అడిగితే ఇవ్వలేదు. పిల్లవాడు రాత్రిళ్లు జాలీలోంచి చెయ్యి పెట్టి దాన్ని చుట్టగా చుట్టి బయటికి లాగి, వెన్నెల్లో కూర్చుని ఆరు నెలలు నకలు రాసుకున్నాడు. అన్నకు తెలిసి అదీ లాక్కున్నాడు.

నా కథ దానికి తలకిందులు. పదో తరగతి వీడ్కోలు రోజున మాస్టారు తన నోటుపుస్తకం నా చేతికిచ్చారు. ఆయన సొంతంగా వరసలు కట్టిన ప్రార్థన పాటలు, దేశభక్తి గీతాలు, వార్షికోత్సవం పాటలు అందులో ఉన్నాయి. "రాసుకుని తెచ్చియ్యరా" అన్నారు. బీరువా లేదు, తాళం లేదు, వెన్నెల అక్కర్లేదు. నేను రాసుకోలేదు. ఇంజనీరింగు రెండో ఏడు హాస్టలు గది మారినప్పుడు అది ఎక్కడో పోయింది. తర్వాత రెండుసార్లు ఆయన్ని కలిశాను. రెండుసార్లూ ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. ఆయన పోయి పదేళ్లు దాటింది.

నాకు ఆరు పాటలు గుర్తున్నాయి. మిగతావి ఈ హాల్లో ఉన్నాయి, మీ గొంతుల్లో. ఒకరికి పల్లవి, ఒకరికి చరణం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏడో నంబరు గదిలో ఈ కీబోర్డు, నా ఫోను పెట్టుకుని కూర్చుంటాను. శ్రుతి తప్పినా ఫరవాలేదు, వచ్చి పాడండి. నేను రాసుకుంటాను. ఈసారి నిజంగా రాసుకుంటాను.

సెలవు.

(సావనీరుకు పంపుతూ చేర్చిన మాట: ఆ మధ్యాహ్నం ముప్పైమంది దాకా వచ్చారు. నా ఆరింటితో కలిపి పదిహేను పాటలు తేలాయి. రెండింటికి చరణాలు దొరకలేదు. ఒక పాట వరస మీద 1979 బ్యాచ్‌కూ 1982 బ్యాచ్‌కూ ఇంకా తగాదా తెగలేదు కాబట్టి రెండు వరసలూ రాసి ఉంచాను. నకళ్లు బడి లైబ్రరీలో ఒకటి, సంఘం ఆఫీసులో ఒకటి ఉన్నాయి. మిగతా పాటలు గుర్తున్నవాళ్లు దయచేసి తెలియజేయండి.)